అతకాలా, పైన పరిచి కుట్టాలా? ఆధునిక ఆర్ట్ క్విల్ట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్ట్ క్విల్ట్‌కీ కప్పుకునే బొంతకీ తేడా ఏమిటి?

కట్టుబడిలో తేడా లేదు. రెండింటికీ పై బట్ట, మధ్య పొర, వెనక బట్ట ఉంటాయి. ఆ మూడింటినీ కలిపి పట్టే కుట్టు ఉంటుంది, దాన్నే క్విల్టింగ్ అంటారు. బొంత కప్పుకోవడానికి, ఆర్ట్ క్విల్ట్ గోడకు వేలాడదీసి చూడడానికి. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం 1971లో పాత అమెరికన్ బొంతలను చిత్రపటాల్లా గోడలకు వేలాడదీసి ప్రదర్శించింది. బొంతను చూసే చూపు మారడంలో ఆ ప్రదర్శనకు పెద్ద పాత్ర ఉంది. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో క్విల్ట్ నేషనల్ ప్రదర్శన మొదలైంది. 2009లో మోడర్న్ క్విల్ట్ గిల్డ్ అనే క్విల్ట్ కుట్టేవారి సంఘం వచ్చాక ‘మోడర్న్’ అనే మాటకు ఒక రూపం కుదిరింది: ఎక్కువ ఖాళీ జాగా, ప్లెయిన్ రంగులు, గళ్ల వరసను దాటిన కూర్పు. అడుగు భాగాన్ని మిషన్ మీద అతికి, దానిపైన చేత్తో అప్లిక్ చేసే పద్ధతికి సంబంధించిన సందేహాలే ఇక్కడున్నవి.

నా బొమ్మలో ఏ ఆకారాన్ని అతకాలి, దేన్ని అప్లిక్ చేయాలి?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత నేర్పుగా కుట్టినా బట్ట చదునుగా కూర్చోదు.

అతకడమంటే రెండు ముక్కల అంచులు కలిపి కుట్టడం. రెండూ ఒకే మట్టంలో ఉంటాయి, మధ్య గీత పదునుగా వస్తుంది. అప్లిక్ అంటే అడుగు బట్ట మీద ముక్కను పరిచి, అంచు లోపలికి మడిచి, ఆ మడత వెంట కుట్టడం. ముక్క కాస్త ఎత్తుగా ఉంటుంది, చుట్టూ సన్నటి నీడ పడుతుంది.

బొమ్మలోని ఒక్కో గీతనూ వేలితో పట్టుకుని వెళ్లండి. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా తెగకుండా సాగే గీత, తిన్ననిదైనా మెల్లగా వంగినదైనా, అతుకుతో చేయాల్సినది. బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఆకారం, అంటే ఆకు, గులకరాయి, అరచెయ్యి లాంటివి, అప్లిక్‌కు తగినది. వంపు వ్యాసార్ధం 3 అంగుళాలకన్నా తగ్గితే దాన్ని మిషన్ మీద అతకడానికి పడే కష్టానికి ఫలితం దక్కదు, అప్లిక్ చేయండి. పెద్ద రంగు భాగాల సంగతి దీనికి తలకిందులు. రెండడుగుల ముక్కను అడుగు బట్ట మీద పరిచి అంచులు కుడితే, నడిమి భాగం వదులుగా ఉబ్బి, తర్వాత క్విల్టింగ్‌లో మడతలుగా దొరికిపోతుంది. అంత ముక్కను అతికేయడమే మేలు.

లోతు కూడా చూసుకోవాలి. అప్లిక్ ముక్క నీడ వల్ల ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది. దూరాన ఉండాల్సిన కొండను అప్లిక్ చేసి, ముందుండాల్సిన చెట్టును అతికితే దృశ్యం తిరగబడుతుంది.

36 × 48 అంగుళాల క్విల్ట్‌కి ఎంత బట్ట కావాలి?

42 అంగుళాల పన్నా లెక్కలో అతుకుల అడుగు భాగానికి అన్ని రంగులూ కలిపి 2 మీటర్లు. కొలత లేకుండా కోసి అతికే పద్ధతిలో మార్జిన్లకూ (కుట్టు గీత బయట వదిలే బట్టకూ) సరిచేసే కత్తిరింపులకూ చాలా బట్ట పోతుంది కాబట్టి వైశాల్యానికి ఒకటిన్నర రెట్లు లెక్క వేసుకోవాలి. అప్లిక్ ముక్కలకు ముప్పావు మీటరు చాలు. వెనక బట్ట 1.5 మీటర్లు. మధ్య పొర 42 × 54, అంటే నాలుగు వైపులా 3 అంగుళాలు అదనం. అంచు పట్టీలకూ వెనక కర్ర దూర్చే గొట్టానికీ కలిపి ఇంకో 75 సెంటీమీటర్లు.

ఎలాంటి బట్ట తీసుకోవాలి? ముందే తడపాలా?

సాదా నేత నూలు బట్ట. నేత మరీ వదులైతే లోపలి మూలల్లో గంటు (చిన్న కత్తిరింపు) పెట్టగానే పోగులు ఊడొస్తాయి. దుప్పట్లకు వాడే మరీ బిగువు నేతలో సన్న సూది దిగదు, వేళ్లు నొప్పెడతాయి. బాతిక్ (మైనంతో అద్దకం వేసిన) బట్టలు బిగువైనవే అయినా పోగులు తక్కువ ఊడుతాయి కాబట్టి కోసు మొనలున్న ఆకారాలకు పనికొస్తాయి.

తడిపితే అన్నీ తడపండి, లేకపోతే ఏదీ వద్దు. కొన్ని తడిపి కొన్ని వదిలేస్తే తర్వాత నీళ్లు తగిలినప్పుడు ఒక్కోటి ఒక్కోలా కుంచించుకుపోతుంది. ముదురు ఎరుపు, నీలం, నలుపు బట్టల రంగును మాత్రం తప్పకుండా పరీక్షించాలి: అంగుళం ముక్కను తడిపి, తెల్ల బట్ట మీద పెట్టి ఇస్త్రీ చేయండి. తెల్ల బట్టకు మరక అంటితే, రంగు దిగడం ఆగేదాకా ఉతకండి. ఎంతకీ ఆగకపోతే ఆ బట్ట ఈ పనికి వద్దు.

సూదులు, దారాలు ఏ సైజువి?

మిషన్‌కు 80/12 సూది, 50 నంబరు నూలు దారం, కుట్టు పొడవు 2 మి.మీ. చేతి అప్లిక్‌కు పొడవుగా సన్నగా ఉండే 10 లేదా 11 నంబరు మిలినర్ సూది. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, దారం విషయంలోనూ అంతే. అప్లిక్‌కు 80 నంబరు నూలు దారం లేదా 100 నంబరు పట్టు దారం వాడితే కుట్టు మడతలో మునిగిపోతుంది. దారం పొడవు 45 సెంటీమీటర్లు మించకూడదు. అంతకన్నా పొడుగైతే బట్టలోంచి పదేపదే దూరి నూగు లేచి తెగుతుంది.

దారం రంగు అప్లిక్ ముక్క రంగుతో కలవాలి, అడుగు బట్టతో కాదు. సరిగ్గా దొరక్కపోతే ఒక పాలు ముదురుది ఎంచుకోండి. లేత దారం మెరిసి కనిపిస్తుంది, ముదురుది మడత నీడలో కలిసిపోతుంది.

రంగులన్నీ బాగున్నాయి, కానీ కూర్పు దూరం నుంచి తేలిపోతోంది. ఎందుకు?

చాలామటుకు లేత-ముదురు తేడా చాలక. ముక్కలను గోడ మీద ఫ్లానెల్ గుడ్డకు అంటించి, ఫోన్‌తో నలుపు-తెలుపు ఫొటో తీయండి. అప్లిక్ ఆకారం అడుగు భాగంలో కలిసిపోతే రంగు ఎంత వేరైనా ఆ జత పనిచేయదు. ఎరుపు మీద ఆకుపచ్చ దగ్గర ఈ మోసం ఎక్కువ. తర్వాత పదడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఆకారాలు కోసే ముందే ఈ పని చేస్తే బట్ట వృథా కాదు.

కాగితం మీది బొమ్మను పూర్తి సైజుకు పెంచి రెండు ప్రతులు చేసుకోవడం మంచిది. ఒకటి కోసి అచ్చులుగా వాడడానికి, రెండోది కోయకుండా పటంగా ఉంచుకోవడానికి. ప్రతి ముక్కకూ నంబరు, ఏ ముక్క ఏ ముక్క కిందికి వెళ్లాలో బాణం గుర్తు వేయండి.

అతికిన భాగాలు ఎప్పుడూ కొలత తగ్గుతున్నాయి.

మార్జిన్ పావు అంగుళం అంటారు గానీ నిజంగా కుట్టాల్సింది దానికి ఒకటి రెండు పోగులు తక్కువ. ఇస్త్రీ చేసి మడిచినప్పుడు ఆ మడత కొంత బట్ట తింటుంది. 1.5 అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలను పక్కపక్కన అతికి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీని కొలవండి. సరిగ్గా 1 అంగుళం రావాలి. తక్కువొస్తే మార్జిన్ ఎక్కువ పోతున్నట్టు. చిన్న తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో అతుకులో ఇటు 1 మి.మీ., అటు 1 మి.మీ. పోతే 12 అతుకుల వరసలో 24 మి.మీ., అంటే దాదాపు అంగుళం పోయింది.

కొలత లేకుండా వంపులు ఎలా అతకాలి?

మెల్లటి వంపులకు రెండు బట్టలనూ బొమ్మ వైపు (బయటికి కనిపించే వైపు) పైకి పెట్టి, అంచులు నాలుగంగుళాలు ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిచి, రోటరీ కట్టర్‌తో (చక్రంలా తిరిగే బ్లేడు కత్తితో) రెండు పొరలనూ ఒకేసారి వంపుగా కోయండి. పై ముక్కలో ఒక పక్క, కింది ముక్కలో ఎదుటి పక్క ఉంచుకుని, మిగతా రెండు పేలికలు తీసేయండి. వంపు మెల్లనిదైతే విడిగా మార్జిన్ కలపనక్కర్లేదు, వెడల్పులో అర అంగుళం తగ్గుతుందంతే. గట్టి వంపుకు అచ్చు గీసి, రెండు ముక్కలకూ పావు అంగుళం చొప్పున కలిపి కోయాలి.

కుట్టేముందు మూడు నాలుగు అంగుళాలకొక గుర్తు రెండు ముక్కల మీదా అడ్డంగా గీసుకోండి. లోపలికి వంగిన ముక్క పైన, బయటికి ఉబ్బిన ముక్క కింద ఉండాలి. లోపలికి వంగిన అంచు కుట్టు గీతకన్నా పొట్టిగా ఉంటుంది, దాన్నే చేత్తో తిప్పుతూ కింది దాని మీదికి సర్దాలి. ముందు నడిమి గుర్తు, తర్వాత చివరలు, ఆ తర్వాత మధ్యవి కలిపి గుండుసూదులు గుచ్చండి. సూది బట్టలో దిగి ఉండగానే మిషన్ ఆపి, పాదం ఎత్తి, బట్ట సర్దుకుని మళ్లీ సాగాలి. లాగి కుడితే వంపు గిన్నెలా లేస్తుంది.

అతుకుల మధ్య సన్నటి రంగు గీత కావాలంటే?

ముప్పావు అంగుళం పట్టీ కోసి రెండు వైపులా అతికితే పావు అంగుళం గీత మిగులుతుంది. మొదటి అతుకు కుట్టాక దాని మార్జిన్‌ను 3 మి.మీ.కు కత్తిరించి, రెండో కుట్టు వేసేటప్పుడు ఆ మొదటి కుట్టునే చూస్తూ సమాన దూరంలో కుట్టండి. బట్ట అంచును నమ్ముకుంటే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది.

మార్జిన్‌ను ఒక వైపుకు మడిచి ఇస్త్రీ చేయాలా, రెండు వైపులకు విప్పి చేయాలా?

అప్లిక్ రాబోయే చోట విప్పి చేయండి. మార్జిన్ దిమ్మ కట్టినచోట చేతి సూది దిగదు, ముక్క అంచు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. మిగతా చోట్ల ముదురు రంగు వైపు మడిస్తే లేత బట్టలోంచి నల్లటి చార కనిపించదు. ఇస్త్రీ పెట్టెను ఎత్తి పెట్టాలి, రుద్దకూడదు. క్రాస్‌గా (పోగులకు ఏటవాలుగా) కోసిన అంచులు రుద్దితే సాగుతాయి. పూర్తయిన పై భాగం అలల్లా ఉండడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. బయటి అంచులు క్రాస్‌లో ఉంటే వాటికి 3 మి.మీ. లోపల ఒక వరస కుట్టు వేసి ఉంచండి.

అప్లిక్ మొదలుపెట్టే ముందు అడుగు భాగాన్ని చివరి కొలతకు కోయొచ్చా?

వద్దు. చుట్టూ కనీసం అంగుళం ఎక్కువ ఉంచాలి. అప్లిక్ కుట్లు పడేకొద్దీ అడుగు బట్ట కొద్దిగా లోపలికి గుంజుకుంటుంది, చేతుల్లో నలిగి అంచుల పోగులు ఊడతాయి. అప్లిక్ అంతా అయ్యాక, బోర్లా తువ్వాలు మీద వేసి ఇస్త్రీ చేసి, అప్పుడు కొలతకు కోయండి.

సూదితో అంచు మడుస్తూ కుట్టే పద్ధతి దశలవారీగా చెప్పండి.

ఆకారాన్ని బట్ట బొమ్మ వైపు చెరిగిపోయే పెన్సిల్‌తో గీసి, గీతకు 5 మి.మీ. బయట కోయండి. 3 మి.మీ. కన్నా తగ్గితే పోగులు ఊడతాయి, 6 మి.మీ. దాటితే మడత లోపల ముద్ద కడుతుంది. పటం చూసి ముక్కను చోట్లో పెట్టి, గీతకు అర అంగుళం లోపల కచ్చా కుట్లు వేయండి. గుండుసూదులతోనూ పట్టి ఉంచొచ్చు గానీ దారం వాటికి చిక్కుకుంటుంది, పెద్ద పనిలో కచ్చా కుట్లే నయం.

మొన దగ్గర ఎప్పుడూ మొదలుపెట్టకండి, తిన్నగా ఉన్న చోట ఆరంభించాలి. కుడిచేతి వాటమైతే కుడి నుంచి ఎడమకు వెళ్లండి. సూది మొనతో అర అంగుళం మేర మాత్రమే అంచును లోపలికి తోసి, గీత కనిపించకుండా మడత కూర్చోగానే ఎడమ బొటనవేలితో అదిమి పట్టండి. సూది కిందినుంచి వచ్చి మడత అంచులో ఒకటి రెండు పోగులనే పట్టాలి. వెంటనే దాని ఎదురుగా, మడత కిందికి కాస్త జరిపి అడుగు బట్టలోకి దిగి, 2 మి.మీ. ముందు పైకి రావాలి. మూడు నాలుగు కుట్లకోసారి దారాన్ని మెల్లగా బిగించండి. కుట్లు మాయమైతే సరిపోయింది, బట్ట ముడుచుకుంటే ఎక్కువ లాగారన్నమాట.

కుట్లు పైకి కనిపిస్తున్నాయంటే సాధారణంగా సూది మడతకు దూరంగా అడుగు బట్టలోకి దిగుతోంది, లేదా ముందుకు వాలుతోంది. కుట్టు మడతకు అడ్డంగా, నిటారుగా ఉండాలి.

మొనలు మొద్దుబారుతున్నాయి. లోపలి మూలలు పిగిలిపోతున్నాయి.

బయటి మొనకు: మొన దాకా కుట్టి, సరిగ్గా మొనలో అదనంగా ఒక కుట్టు వేయండి. ముక్క ఎత్తి చూస్తే మొదటి వైపు మడిచిన మార్జిన్ తోకలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని కత్తిరించండి. తర్వాత మొన చివర అడ్డంగా మడిచి, మిగతా మార్జిన్‌ను సూదితో లోపలికి తోసి, దారాన్ని మొన దిశగా మెల్లగా లాగితే మొన పదునుగా నిలబడుతుంది. మొద్దుబారడానికి కారణం లోపల బట్ట ఎక్కువై ఇరుక్కోవడం. మరీ సన్నని మొనలను గీసేటప్పుడే కాస్త వెడల్పు చేసుకోవాలి.

లోపలి మూలకు: గీతకు ఒక్క పోగు ఇవతల దాకా గంటు పెట్టాలి. ఆ పని మూలకు అర అంగుళం దూరంలోకి వచ్చాకే చేయండి. ముందే గంటు పెట్టి ముక్కను చేతుల్లో తిప్పుతూ ఉంటే పోగులు ఊడతాయి. మూలలో మార్జిన్ దాదాపు ఉండదు కాబట్టి అక్కడ మూడు కుట్లు దగ్గర దగ్గరగా, మూడు నాలుగు పోగులు లోతుగా పట్టాలి.

లోపలికి వంగిన అంచులకు చిన్న గంటులు కావాలి. బయటికి ఉబ్బిన అంచులకు అక్కర్లేదు, పెడితే అంచు గుండ్రంగా రాకుండా కోణాలు తేలుతుంది.

పూర్తి గుండ్రం రావడం లేదు.

గుండ్రానికి సూదితో మడిచే పద్ధతి కన్నా కుచ్చు పద్ధతి మంచిది. దళసరి అట్ట మీద గుండ్రం కోసుకోండి. బట్టను దానికన్నా చుట్టూ పావు అంగుళం పెద్దగా కోసి, అంచుకు 3 మి.మీ. లోపల చిన్న రన్నింగ్ కుట్టు వేయండి. అట్టను మధ్యలో పెట్టి దారం లాగితే బట్ట దాని చుట్టూ బిగుస్తుంది. గంజి నీళ్లు అద్ది ఇస్త్రీ చేసి, పూర్తిగా చల్లారాక దారం కాస్త వదులు చేసి అట్ట తీసేయండి. వేడిమీద తీస్తే ఆకారం నిలవదు. రన్నింగ్ కుట్టు పెద్దదైతే అంచున కోణాలు కనిపిస్తాయి.

తీగలు, కాడలు ఎలా?

బట్టను 45 డిగ్రీల క్రాస్‌లో పట్టీలుగా కోయాలి. తిన్నటి పోగులో కోసిన పట్టీ వంపు తిరగదు, లోపలి అంచున ముడతలు పడుతుంది. ముప్పావు అంగుళం పట్టీని మూడు మడతలు వేస్తే పావు అంగుళం కాడ వస్తుంది. వంపులో లోపలి అంచును ముందు కుట్టండి, బయటి అంచు సాగి సర్దుకుంటుంది. బయటిది ముందు కుడితే లోపల మిగిలిన బట్టకు పోయే దారి ఉండదు. కాడ చివరలను ఆకు కిందికి అర అంగుళం దూర్చి, ఆకును తర్వాత కుట్టాలి.

అప్లిక్ వెనక బట్ట కోసేయాలా?

తప్పనిసరి కాదు. లేత ముక్క కింద ముదురు అతుకు చార కనిపిస్తే, లేదా చేత్తో క్విల్ట్ చేయాలనుకుంటే, కుట్టుకు పావు అంగుళం లోపల అడుగు బట్టను కోసేయొచ్చు. మిషన్ క్విల్టింగ్ అయితే వదిలేయడమే గట్టిది. లేత ముక్క కోసం మరో దారి, దానికింద మార్జిన్ లేకుండా కోసిన తెల్ల బట్ట పొర పెట్టడం.

మధ్య పొర ఏది మంచిది?

గోడకు వేలాడే పనికి పలచని నూలు, లేదా 80 పాళ్లు నూలు, 20 పాళ్లు పాలిస్టర్ కలిసినది చదునుగా వేలాడుతుంది. ఉన్నిది మడత గుర్తులను బాగా వదిలించుకుంటుంది, అప్లిక్ ఆకారాలను ఉబ్బెత్తుగా చూపిస్తుంది. కుట్టు వరసల మధ్య ఎంత ఎడం దాకా ఉండొచ్చో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, దాన్ని మీరకూడదు.

వెనక బట్టను తిరగేసి టేపుతో నేలకు అంటించండి. బిగువుగా ఉంటే చాలు, సాగదీయొద్దు. మధ్య పొర, పై భాగం పరిచి, అరచేతి వెడల్పుకొకటి చొప్పున నడిమి నుంచి అంచులకు పిన్నీసులు పెట్టండి. అప్లిక్ ముక్కల్లో గుచ్చకండి, రంధ్రాలు కనిపిస్తాయి.

క్విల్టింగ్ అయ్యాక అలలు వచ్చాయి. ఎందుకు?

ఒకచోట ఒత్తుగా, ఇంకోచోట పలచగా కుట్టారు. కుట్టు ఒత్తుగా పడ్డచోట బట్ట కుంచించుకుంటుంది, పలచటి చోట మిగిలినది పైకి లేస్తుంది. సాంద్రత ఎక్కడైనా ఇంచుమించు సమానంగా ఉండాలి. ముందు ప్రతి అప్లిక్ ఆకారం చుట్టూ అంచును ఆనుకుని ఒక వరస వేసి ఆకారాన్ని స్థిరపరచండి, తర్వాత అడుగు భాగం నింపండి. తిన్నటి వరసలకు వాకింగ్ ఫుట్ (పై పొరనూ కింది పొరనూ కలిపి జరిపే మిషన్ పాదం), నచ్చినట్టు తిరిగే గీతలకు మిషన్‌లో బట్టను జరిపే పళ్లు దించి ఫ్రీ మోషన్ పాదం (బట్టను చేత్తో తిప్పుతూ కుట్టడానికి) వాడండి. చేత్తో వేసే లావు కుట్లకు 8 నంబరు పెర్ల్ దారం (మెలితిప్పిన లావు ఎంబ్రాయిడరీ దారం) బాగుంటుంది. అప్లిక్ ముక్కల మీదుగా గీతలు నడిపితే ఇన్ని గంటల చేతిపని అణగిపోతుంది. పెద్ద ముక్క అయితే లోపల ఒకటి రెండు గీతలు చాలు.

స్వల్పంగా అలలుంటే: మొత్తం తడిపి, నేల మీద తువ్వాళ్లపై పరిచి, మూలలు మూలమట్టంతో, వైపులు టేపుతో కొలిచి, గుండుసూదులతో పట్టి ఆరనివ్వండి. రంగు దిగదని ముందే తేల్చుకున్న బట్టలతోనే ఇది చేయాలి.

అంచుకు పట్టీ కనిపించకుండా ముగించడం ఎలా?

ఆధునిక కూర్పులకు ఇదే నప్పుతుంది. చుట్టూ పట్టీ వేస్తే బొమ్మకు ఫ్రేము కట్టినట్టయి, అంచు దాటి సాగాల్సిన గీతలు అక్కడే ఆగిపోతాయి. నాలుగు 4 అంగుళాల చదరాలను కర్ణం మీద మడిచి, నాలుగు మూలల్లో పై వైపున అంచులు కలిపి పెట్టండి. వాటిపైన, 2.5 అంగుళాల వెడల్పు పట్టీలను పొడవునా సగానికి మడిచి, ఒక్కో వైపు పొడవుకన్నా 2 అంగుళాలు తక్కువగా, కోసిన అంచులు కలిసేలా పెట్టండి. చుట్టూ పావు అంగుళంలో కుట్టి, మూలలు ఏటవాలుగా కత్తిరించండి. పట్టీని బయటికి తిప్పి, పట్టీనీ మార్జిన్‌నూ మాత్రమే కలిపి అతుకుకు 3 మి.మీ. దూరంలో ఇంకో కుట్టు వేయాలి. ఈ కుట్టు వదిలేస్తే పట్టీ ముందుకు దొంగచూపు చూస్తుంది. తర్వాత వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయండి.

ఎలా వేలాడదీయాలి, ఎలా దాచాలి?

9 అంగుళాల వెడల్పు, క్విల్ట్ వెడల్పుకన్నా 2 అంగుళాలు తక్కువ పొడవున్న బట్టను గొట్టంగా కుట్టి, వెనక పై అంచుకు అర అంగుళం కింద చేత్తో కుట్టండి. బయటి పొరకు కాస్త వదులు ఇవ్వాలి. లేకపోతే కర్ర మందం ముందుకు తన్ని, పైభాగంలో అడ్డంగా గీత పడుతుంది. కుట్లు వెనక బట్టనూ మధ్య పొరనూ పట్టాలి, ముందుకు రాకూడదు.

నేరుగా ఎండ పడే గోడ వద్దు, రంగులు వెలిసిపోతాయి. దుమ్ముకు ఉతకకండి. సన్నటి వల గుడ్డ పరిచి తక్కువ పీల్పు మీద వాక్యూమ్ పెట్టండి. దాచేటప్పుడు బొమ్మ వైపు బయటికి ఉండేలా, తెల్ల నూలు బట్ట చుట్టిన గొట్టం మీద చుట్టండి. బొమ్మ లోపలికి చుడితే అప్లిక్ ముక్కలు నలిగి ముడతలు తేలుతాయి. మడతపెట్టక తప్పకపోతే కొన్ని నెలలకోసారి విప్పి, మడతలు వేరే చోట పడేలా పెట్టండి.